వెల్లగోడలపై వెలుగు

హాలెండు దేశపు చర్చిల లోపలి దృశ్యములను చూపు నీటిరంగుల చిత్రములందు చెప్పుకొనదగిన కథ యేదియు ఉండదు. ఎత్తైన స్తంభములు, కమానులు, వెల్లవేసిన గోడలు, నేలమీద చిన్నవిగా కనిపించు ఒకరిద్దరు మనుష్యులు మాత్రమే యుందురు. అయినను చూచువాని దృష్టి వానిని విడిచి రాదు. వాని యందలి వెలుగే దీనికి కారణము.

ఆ వెలుగునకు ఒక చరిత్ర కలదు. 1566లో నెదర్లాండ్సు దేశమున మతసంస్కరణవాదులు చర్చిలలో ప్రవేశించి విగ్రహములను, చిత్రపటములను ధ్వంసము చేసిరి. పిమ్మట వారి వశమైన చర్చిలలో గోడలమీది పాత చిత్రములపై వెల్ల వేయబడెను. మందిరములు బోసిపోయినవి. కాని అలంకారములు తొలగిన ఆ గోడలపై కిటికీలనుండి వచ్చు పగటి వెలుగు గడియ గడియకు మారుచు స్పష్టముగా అగుపింపసాగెను.

దానిని శ్రద్ధతో పరిశీలించినవారిలో ముఖ్యుడు హార్లెం నగరవాసియగు పీటర్ సాన్‌రెడాం (1597–1665). అతడు చర్చిలోనే కూర్చుండి కలముతోను సుద్దతోను గీచి, పలుచని నీటిరంగులు పూసి, క్రింద తేదీ వేసెడివాడు. తరువాత కొలతల ననుసరించి ఇంటివద్ద మరియొక నమూనా గీచి, దానినిబట్టి తైలవర్ణ చిత్రమును రచించెడివాడు. ఈ రెంటికిని నడుమ ఒక్కొక్కప్పుడు అనేక సంవత్సరములు గడచెడివి. 1636లో అతడు ఉట్రెక్టు నగరమున కొన్ని నెలలు నిలిచి అచటి మేరీ చర్చిని పలుమారులు చిత్రించెను. ఆ చర్చి పందొమ్మిదవ శతాబ్దమున పడగొట్టబడినది. దాని లోపలి స్తంభములపై ఎండ యెట్లు పడెడిదో తెలిసికొనగోరువారికి నేడు అతని చిత్రములే ఆధారము.

రెండు శతాబ్దముల పిదప హేగు నగరమున యోహానెస్ బోస్‌బోమ్ (1817–1891) ఇదే వస్తువును చేపట్టెను. తొలినాళ్ల తైలచిత్రములలో అతడు ప్రతి వివరమును దిద్దెడివాడు. వయసు ముదిరినకొలది నీటిరంగులపై మక్కువ పెరిగి, గోధుమ, బూడిద వన్నెల వెడల్పైన పూతలతో చర్చిలోని గాలిని, దూరమును, మసక వెలుగును చూపగలిగెను. సాన్‌రెడాం చిత్రమున రాతిని లెక్కింపవచ్చును; బోస్‌బోమ్ చిత్రమున దూరపు స్తంభము వెలుగులో సగము కరగిపోవును.

ఈ పనికి నీటిరంగు ఏల తగినదో విద్యార్థులు గమనింపవలెను. తైలవర్ణమున చీకటిపై తెలుపును చివర దిద్దవచ్చును. నీటిరంగున వెలుగు పడవలసిన చోట సాధారణముగా కాగితమును తాకక విడువవలెను. ఒకసారి పూత పడి ఆరినచో ఆ తెలుపును మరల తెచ్చుట కష్టము. కనుక కుంచె ముంచుటకు ముందే వెలుగు స్థానమును నిర్ణయించుకొనవలెను. వెల్లగోడయు నిజముగా అంతటను తెల్లగా నుండదు. కిటికీ చెంత పసిమి, మూలలందు నీలి బూడిద చాయ, నేలనుండి ప్రతిఫలించిన లేతవన్నె దానియందు కలిసి యుండును. ఆ భేదములను పలుచని పూతలు ఒకదానిపై నొకటి పడి తెలియజేయును.

వెలుగును ఇంతగా ప్రేమించిన ఈ చిత్రములకు వెలుగే హాని చేయును. ఎక్కువకాలము వెలుతురు సోకినచో నీటిరంగులు వెలిసిపోవును, కాగితము రంగు మారును. అందుచేత చిత్రశాలలవారు వీనిని తక్కువ వెలుతురులో కొలదికాలము ప్రదర్శించి, మరల చీకటి పెట్టెలలో భద్రపరతురు. దాదాపు నాలుగువందల యేండ్లనాటి ఒక పగటి వెలుగు ఆ చీకటిలో నేటికిని నిలిచియున్నది.