జారిన చిగుళ్లకు అంటు వైద్యం

ముఖానికి అందం, మాటకు స్పష్టత, ఆహారానికి రుచి దంతాల వల్లనే కలుగుతున్నవి. ఆ దంతాలను కాపాడేది చిగురు. చిగురు పంటిని వదలి జరిగిపోయినప్పుడు వేరు బయటపడుతుంది. పన్ను పొడవైనట్లు కనబడుతుంది. చల్లని నీరు తగలగానే జివ్వుమంటుంది. వయసు మీరిన లక్షణమని భావించి కొందరు ఉపేక్షిస్తారు. మరికొందరు నిలువదగిన పంటిని తీయించుకొంటారు. రెండూ పొరపాటే.

చిగురు జారడానికి కారణాలు అనేకం. పేరుకొన్న గార, పొగాకు, గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్దడం వాటిలో ముఖ్యమైనవి. మన వరంగల్లు ప్రాంతంలో బొగ్గుపొడి, ఇటుకపొడి వాడే అలవాటు కూడా ఉన్నది. వేపపుల్లను, మిస్వాక్‌ను నిందించనవసరం లేదు. మోటుగా రుద్దడమే దోషం. ఒకసారి జారిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. అందుచేతనే శస్త్రచికిత్స అవసరమవుతున్నది.

ఈ చికిత్సను మామిడి అంటుతో పోల్చవచ్చును. అంటు బ్రతకడానికి రసం అందవలెను. చిగురు అతుకు బ్రతకడానికి రక్తం అందవలెను. పద్ధతుల మధ్య ప్రధానమైన భేదం ఇక్కడనే ఉన్నది.

మొదటిది, పక్క చిగురును జరిపే పద్ధతి. దీనిని 1956లో గ్రూప్, వారెన్ అనే వైద్యులు వివరించారు. తల్లి చెట్టు నుండి వేరు చేయకుండానే కొమ్మను అంటుకట్టినట్లు, పక్క పంటి చిగురును ఒక వైపు అంటి ఉండగానే జరిపి కుట్టుతారు. రక్తప్రసారం తెగదు. ఐతే పక్కన తగినంత మందమైన చిగురు ఉండవలెను.

రెండవది, అంగిలి పైపొరతో సహా పలుచని ముక్కను తీసి అతికించడం. చిగురు గట్టిపడుతుంది గాని, రంగు కలవక మాసికవలె కనబడవచ్చును. అంగిలిలో పచ్చిపుండు మానడానికి కొన్ని వారాలు పడుతుంది.

మూడవది, అంగిలి పొర క్రింది కణజాలాన్ని మాత్రమే తీసి, జారిన చోట చిగురు క్రింద అమర్చడం. దీనిని 1985లో లాంగర్ దంపతులు వివరించారు. పైనుండి, క్రిందినుండి రక్తం అందుతుంది గనుక అతుకు బాగా నిలుస్తుంది, రంగు కలుస్తుంది. వేరును కప్పడంలో నేడు దీనికే అగ్రస్థానం.

అంగిలిని కోయకుండా, దాతల చర్మం నుండి గాని, పంది మొదలైన జంతువుల నుండి గాని తయారైన పొరలను వాడే పద్ధతులు కూడా వచ్చినవి. మతరీత్యా, ఆచారరీత్యా అభ్యంతరం ఉన్నవారు ఆ పొర దేనితో తయారైనదో ముందుగానే వైద్యుని అడగడం మంచిది. సొంత అంగిలి కణజాలానికి ఈ ప్రశ్నే లేదు.

ఏ పద్ధతి ఐనా దంతాల నడుమ ఎముక నిలిచి ఉన్నప్పుడే వేరు పూర్తిగా కప్పబడే అవకాశం ఉన్నది. ఎముక అరిగిన పిదప ఫలితం కొంతమేరకే. పొగత్రాగేవారిలో అతుకు సరిగా అంటదు. కారణం తొలగించకుండా చికిత్స చేయించుకొంటే, కొత్త చిగురు కూడా పాత దారినే పోతుంది.

కాబట్టి విద్యార్థులు పన్ను జివ్వుమన్ననాడే దంతవైద్యుని చూడవలెను. ఈ శస్త్రచికిత్సలలో శిక్షణ పొందిన చిగుళ్ల నిపుణులు హైదరాబాదులోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల వంటి చోట్ల ఉన్నారు. మెత్తని బ్రష్షు, మెల్లని చేయి, పొగాకుకు దూరం: ఈ మూడింటిని పాటించేవారిలో చాలామందికి అంటు అవసరమే రాదు.