బల్లలు ఖాళీ... పార్శిళ్ళే గతి!

కరోనా తరువాత కోలుకోని కోనసీమ కాఫీ హోటళ్ళు

రావులపాలెం: పొద్దు పొడవకముందే పొయ్యి వెలగాలి. మొదటి బస్సు వచ్చే వేళకు ఇడ్లీ దిగాలి, కాఫీ కాగాలి. అరటి గెలలు దించడానికి వచ్చిన రైతు, లారీ డ్రైవరు, పనికి బయలుదేరిన కూలీ, అమలాపురం కోర్టుకు పోయే కక్షిదారు ఒకే బల్ల దగ్గర మోచేతులు రాసుకుంటూ కూర్చుని తినాలి. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ సీమలో కాఫీ హోటలంటే ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. 2020లో వచ్చిన కరోనా ఈ పద్ధతిని తలకిందులు చేసింది. రోగం తగ్గి ఏళ్ళు గడిచినా చిన్న హోటళ్ళకు పాత కళ పూర్తిగా రాలేదు.

పెరుగుతున్నది పార్శిలు బేరం. తగ్గింది కూర్చుని తినే బేరం. ఏదైతేనేం, అమ్మకం అమ్మకమే కదా అనిపించవచ్చు. కానీ కూర్చుని తినే మనిషిని నమ్ముకుని బతికేది హోటలు యజమాని ఒక్కడే కాదు. అసలు కథ అక్కడే ఉంది.

78 రోజులు ఆరిన పొయ్యి

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఒక్క రోజే కదా అని హోటళ్ళు మూశారు. ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. 24వ తేదీ అర్ధరాత్రి నుంచి దేశమంతటా అమలైంది. ఇళ్ళకు చేరవేసే బేరానికి అనుమతి ఉన్నా, పల్లెల్లో టిఫిను ఇంటికి తెప్పించుకునే అలవాటు ఎవరికి ఉంది? ఆర్టీసీ బస్సులు తిరిగి రోడ్డెక్కింది మే 21న. హోటళ్ళలో కూర్చోబెట్టి వడ్డించేందుకు అనుమతి వచ్చింది జూన్ 8న. అంటే 78 రోజులపాటు బల్ల దగ్గర ఒక్క మనిషి కూర్చోలేదు.

తెరిచాక కూడా నిబంధనలే. సగం మందినే కూర్చోబెట్టాలి, మనిషికి మనిషికి ఆరడుగుల ఎడం ఉండాలి. నాలుగు బల్లలు, పదహారు మంది పట్టే హోటలులో ఎనిమిది మందికే చోటు. అద్దె సగం కాలేదు, కరెంటు బిల్లు సగం కాలేదు, మాస్టరు జీతం సగం కాలేదు. రాబడి మాత్రం సగమైంది. వచ్చినవారు కూడా స్టీలు గ్లాసు ముట్టుకోవడానికి జంకారు. కాగితం కప్పు, కాగితం ప్లేటు వచ్చాయి. కడిగితే వందసార్లు పనికివచ్చే గ్లాసు అటకెక్కింది, ఒక్కసారితో పారేసే కప్పుకు రోజూ డబ్బు పెట్టవలసి వచ్చింది.

ఊపిరి పీల్చుకునేలోగా 2021లో రెండో విడత విరుచుకుపడింది. మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటలకే అన్నీ మూసివేయాలని రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టారు. అప్పటికి ఈ సీమ తూర్పుగోదావరి జిల్లాలోనే ఉంది. రాష్ట్రంలో కేసులు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో అదొకటి. జూన్ మూడో వారం తరువాత ఇతర జిల్లాల్లో సాయంత్రం 6 గంటల దాకా సడలించినా, ఇక్కడ మధ్యాహ్నం 2 గంటల దాకానే అన్నారు. మధ్యాహ్నం భోజనానికి జనం వచ్చే వేళకే తలుపు వేయవలసిన పరిస్థితి.

గొలుసు తెగింది

హోటలు మూతపడితే మూతపడింది ఒక్క హోటలే కాదు. తెల్లారగానే పాలు పోసే మనిషికి బేరం పోయింది. అరిటాకులు కోసి కట్టలు కట్టి తెచ్చే కూలీకి పని పోయింది. పప్పు రుబ్బే అమ్మకు, అంట్లు తోమే అమ్మకు, బల్లలు తుడిచే కుర్రాడికి కూలి పోయింది. హోటలు పక్కనే ఉన్న కిళ్ళీ కొట్టు, సైకిలు షాపు, మంగలి దుకాణం కూడా హోటలుకు వచ్చిన మనిషిని చూసుకుని నడిచేవే.

రావులపాలెం అరటి మార్కెట్టు సంగతి అందరికీ తెలిసిందే. లారీలు కదలక, కొనేవారు లేక గెల ధర పడిపోయింది. మార్కెట్టుకు రైతు రాకపోతే హోటలుకు గిరాకీ ఎక్కడిది? హోటలుకు గిరాకీ లేకపోతే ఆకుకు ధర ఎక్కడిది? ఒకదాన్ని పట్టుకుని ఒకటి కూలింది.

పెళ్ళిళ్ళ సీజను వరుసగా రెండేళ్ళు దెబ్బతిన్నది. 2020లో పెళ్ళికి 50 మందికి మించకూడదన్నారు. ఐదువందల విస్తళ్ళ భోజనం 50కి దిగితే వంట మేస్త్రికి, వడ్డన కుర్రాళ్ళకు, షామియానా వారికి, పాత్రలు అద్దెకిచ్చేవారికి మిగిలేదేమిటి? ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పలుచటి రేకు తీసే మహిళలకూ ఇదే గతి పట్టింది. పూతరేకులు కొనేది పెళ్ళివారు, బాటసారులు, బంధువుల ఇళ్ళకు పోయేవారు. రోడ్డు మీద మనిషి లేకపోతే రేకు ఎవరికి అమ్మాలి?

సాయం అందింది ఎవరికి?

ప్రభుత్వాలు సాయం ప్రకటించకపోలేదు. అయితే ఆ సాయమంతా కాగితం చూసి నడిచింది. 2020లో కేంద్రం తెచ్చిన స్వనిధి పథకం కింద 10,000 రూపాయల అప్పు పట్టణాల్లోని వీధి వ్యాపారులకు ఉద్దేశించింది. పల్లెలో బండి పెట్టుకున్నవారు దాని కిందికి రాలేదు. ఆ ఏడాది నవంబరులో నాటి రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జగనన్న తోడు పల్లెల్లోని చిరు వ్యాపారులకూ వడ్డీ లేకుండా 10,000 రూపాయలు ఇప్పించింది. తోపుడు బండ్లకు, గంపల వారికి అది ఎంతో కొంత ఆసరా అయింది. అద్దె గదిలో నాలుగు బల్లలు వేసుకున్న హోటలు మాత్రం చిరు వ్యాపారం కొలతల్లో ఇమడలేదు.

కాస్త పెద్ద వ్యాపారాలకు కేంద్రం హామీతో బ్యాంకులు అదనపు అప్పు ఇచ్చాయి. దానికి అప్పటికే బ్యాంకులో అప్పు ఉండాలి. బ్యాంకు గడప తొక్కకుండా చీటీ పాటతో, చేబదులుతో నెట్టుకొచ్చినవారికి అది దక్కలేదు. బ్యాంకు వాయిదాలకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు గడువు ఇచ్చారు. రోజువారీ వడ్డీ వ్యాపారికి ఆ గడువు వర్తించదు. ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికినవారే చివరకు ఏ జాబితాలోనూ లేకపోయారు.

దీనికి తోడు పద్దు పుస్తకం బాధ ఒకటి. నెల కాగానే ఇస్తామని తిన్న కూలీ, బత్తెం రాగానే ఇస్తామన్న డ్రైవరు ఆ మార్చి తరువాత కనిపించలేదు. వారికీ పని లేదు, అడగడానికి నోరు రాదు. చిన్న హోటళ్ళలో ఆ అరువులు అరువులుగానే పుస్తకంలో ఉండిపోయాయి.

మారిన తీరు

జనం తిరిగి వచ్చారు, కానీ తీరు మార్చుకుని వచ్చారు. మోటారు సైకిలు దిగకుండానే నాలుగు ఇడ్లీ, రెండు పెసరట్లు కట్టించుకుని ఇంటికి పోతున్నారు. డబ్బు గల్లాపెట్టెలో పడడం లేదు, ఫోనులో పడుతోంది. అరువు బేరం తగ్గడం యజమానికి మేలే. వాడపల్లి వెంకన్న గుడికి శనివారాలు వచ్చే జనంతో దారి పొడవునా ఉన్న హోటళ్ళకు గిరాకీ ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫోను మీద ఆర్డరు తీసుకుని పార్శిలు సర్వీసులో దూర ప్రాంతాలకు పంపేవారు ఉన్నారు.

కానీ పార్శిలుకు అరిటాకు వేసి వడ్డించేవారు అక్కరలేదు. బల్ల తుడిచే కుర్రాడు అక్కరలేదు. గ్లాసులు కడిగే అమ్మ అక్కరలేదు. ప్లాస్టిక్ కవరు, వెండిరంగు కాగితం చాలు. ఆ డబ్బు ఊళ్ళో ఆకు కోసేవారికి కాక ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి పోతోంది. పైగా 2021 నవంబరులో హోటళ్ళు వాడే 19 కిలోల గ్యాసు బండ ధర ఢిల్లీలోనే 2,000 రూపాయలు దాటింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయింది. అప్పులతో తెరిచిన హోటలుకు ఇవి గోరుచుట్టు మీద రోకటి పోట్లయ్యాయి.

కాగితం చేతిలో ఉండాలి

జరిగిన దాంట్లో నేర్చుకోవలసింది ఒకటుంది. ఆపద వేళ సాయం లెక్కలో ఉన్నవారికే అందింది. చిన్న హోటలు, టిఫిను బండి, పూతరేకుల పని, వంట మేస్త్రి పని చేసేవారు ఉద్యం పోర్టల్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. దానికి రుసుము లేదు. జి.ఎస్.టి. నంబరు వంటి కాగితాలు లేని చిన్నవారికోసం 2023 జనవరిలో ఉద్యం అసిస్ట్ అనే వేరే ఏర్పాటు కూడా వచ్చింది. ఈ సంగతి తెలియని వారు పల్లెల్లో ఇంకా చాలామంది ఉన్నారు. పంచాయతీలు, బ్యాంకులు ఊరూరా ఒక రోజు కూర్చుని వీరి పేర్లు రాయిస్తే ఖర్చు లేని మేలు అవుతుంది.

హోటలుకు పోయినవారు కూడా ఒక పని చేయవచ్చు. తొందర లేని రోజున పార్శిలు కట్టించుకోకుండా బల్ల దగ్గర కూర్చుని ఆకులో తినవచ్చు. ఆ పది నిమిషాల మీద ఇంకా నాలుగు కుటుంబాల కూలి ఆధారపడి ఉంది.