వరదనీరు తేరినను పరీక్ష తప్పదు

2021 సెప్టెంబరు వర్షములకు సిరిసిల్ల వీధులు జలమయములైనవి. అట్టి వరద మురుగును వెంటబెట్టుకొని బావులలో చేరును. మరునాటికి నీరు తేరవచ్చును. సూక్ష్మజీవులు మాత్రము తేరిన నీటిలోను ఉండును.

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు హైదరాబాదులో జలవనరుల కేంద్రమును, సిరిసిల్లలోను, జగిత్యాల చెంత కొండగట్టు వద్దను ఇంజనీరింగు కళాశాలలును కలవు. ఏ జలనిపుణుడైనను మొదట అడుగునది వాననీరు ఏ వాలున పారునని. ఆ సంగతి పంచాయతీ సభ్యులకే బాగుగా తెలియును. మురుగుకాలువ బోరు చప్టాను తాకుచున్నచో వెంటనే మళ్లింపవలెను.

నీటి నమూనాను శుద్ధిచేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, 24 గంటలలోపల పరీక్షాశాలకు చేర్పవలెను. సూక్ష్మజీవులను క్లోరిను చంపును. ఫ్లోరైడు సంగతి వేరు. అది వానతో వచ్చునది కాదు, రాతిపొరలలో పుట్టునది. కోరుట్ల వైపు రాతినేలలలోని బోర్లకు ఈ పరీక్షయు అవసరము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో క్లోరిను కలిపినను, కాచినను అది పోదు. త్రాగుటకు వేరొక నీటివసతి చూడవలెను.