గడప మీద కాపలా: శిక్షానంతర పర్యవేక్షణ, కుటుంబము, సంఘ బాధ్యత

నేరము రుజువై శిక్ష పొందిన వ్యక్తి ఇంటికి తిరిగి వచ్చినప్పుడు మన సంఘములు అతని మారుమనస్సును గూర్చి మాట్లాడతాయి. అతనితో కూడ ఆ ఇంటిలోనికి వచ్చే పోలీసు పర్యవేక్షణను గూర్చి మాట్లాడటం చాలా తక్కువ. శిక్ష ఒక్కరికే పడినా, కాపలా మాత్రం ఆ గడప లోపల ఉన్న వారందరి మీదా పడుతుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులలో సేవ చేసే కాపరులకు ఇది దూరపు విషయము కాదు. ఈ వ్యాసములో మొదట చట్టము ఏమి చెబుతున్నదో, తరువాత మన తెలుగు సంఘ చరిత్ర ఏమి నేర్పుతున్నదో, చివరిగా లేఖనముల వెలుగులో సంఘము చేయవలసినదేమిటో పరిశీలిద్దాము.

1. పర్యవేక్షణలో రకములు

సామాన్యముగా ప్రజలు "పోలీసు నిఘా" అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులను కలిపివేస్తారు. వీటిని వేరు చేసి చూడటం అవసరము.

మొదటిది ప్రొబేషన్. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టము ప్రకారము, మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగని నేరములలో న్యాయస్థానము నేరస్థుని జైలుకు పంపకుండా, సత్ప్రవర్తన బాండు మీద విడిచిపెట్టవచ్చు. ఆ బాండు గడువు 3 సంవత్సరములకు మించదు. పర్యవేక్షణ విధిస్తే అది కనీసము 1 సంవత్సరము. ఆ పర్యవేక్షణ చేసేది పోలీసు కాదు, ప్రొబేషన్ అధికారి. అతనికి ఉపాధి వెదకటంలో సహాయము చేయటం కూడ ఆ అధికారి విధులలో ఒకటి.

రెండవది చిరునామా తెలియజేసే ఆజ్ఞ. కొన్ని నేరములలో రెండవసారి శిక్ష పడినవాడు విడుదలైన తరువాత 5 సంవత్సరములకు మించని కాలము తన నివాసమును, నివాసపు మార్పును పోలీసులకు తెలపాలని న్యాయస్థానము ఆదేశించవచ్చు. పాత నేర విచారణ స్మృతిలో ఇది 356వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 394వ సెక్షను.

మూడవది హిస్టరీ షీటు, రౌడీ షీటు. ఇవి న్యాయస్థానము విధించే శిక్షలు కావు. పోలీసు శాఖ తన నియమావళి ప్రకారము తెరచే పత్రములు. మన ప్రజలకు ఎక్కువగా అనుభవములో ఉన్నది ఇదే. షీటు ఉన్నవారిని స్టేషనుకు పిలిచి కౌన్సెలింగ్ ఇవ్వటం, ఇంటికి వచ్చి విచారించటం మనము చూస్తున్నాము. ఆ పిలుపు చాలాసార్లు ఆదివారమే వస్తుంది. అందువలన ఆరాధనకు రావలసిన వాడు ఆ వేళకు స్టేషను వరండాలో కూర్చుంటాడు.

దీనికి హద్దులు లేకపోలేదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నిఘా పేరుతో రాత్రివేళ ఇంటికి వెళ్లి తలుపు తట్టటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2024 మే నెలలో ఢిల్లీకి చెందిన ఒక కేసులో, హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమే గాని బహిరంగ ప్రకటన కాదనే నియమమును, అందులో మైనరు పిల్లల వివరములు వ్రాయరాదనే నియమమును అమలు చేయమన్నది. పిల్లలు అతనికి ఆశ్రయమిచ్చారని సాక్ష్యము ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు. వెనుకబడిన వర్గముల వారిపై, దళితులపై, గిరిజనులపై యాంత్రికముగా ఇటువంటి షీట్లు తెరచే ధోరణిని గూర్చి హెచ్చరించి, ఇటువంటి మార్పును అన్ని రాష్ట్రములూ పరిశీలించాలని కోరింది. ఈ సంగతి మన విశ్వాసులలో చాలామందికి తెలియదు.

2. సరిహద్దులోని ప్రత్యేకత

భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, తరువాత ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, పట్టణము తెలంగాణలో నిలిచింది. 2016లో అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఏటపాకలో ఇల్లు, భద్రాచలంలో కూలిపని ఉన్న మనిషి రోజూ ఒక రాష్ట్రపు సరిహద్దు దాటుతాడు. అతని సంత, ఆసుపత్రి, కొన్నిసార్లు సంఘము కూడ అవతలనే ఉంటాయి. "అనుమతి లేకుండా ప్రాంతము విడువరాదు" అనే షరతు పట్టణములో ఒక విధముగాను, ఇక్కడ మరొక విధముగాను బరువవుతుంది.

నేరముల తీరు కూడ వేరు. కిన్నెరసాని అభయారణ్యము వంటి చోట వేట నేరములో శిక్ష పడితే, 18 ఏండ్ల లోపు వారికి తప్ప ప్రొబేషన్ వర్తించదు. కూలి డబ్బు కోసము గంజాయి సంచి మోసి పట్టుబడిన యువకునికి కూడ మాదకద్రవ్యాల చట్టము 33వ సెక్షను ఆ ద్వారము మూసివేసింది. కాబట్టి జైలు శిక్ష, ఆ పైన షీటు అతని దారి అవుతాయి.

ప్రొబేషన్ దొరకగల కేసులలో మరొక అడ్డంకి ఉన్నది. నేరస్థునికి గాని, అతని జామీనుదారునికి గాని ఆ ప్రాంతములో స్థిర నివాసము లేక నిలకడైన వృత్తి ఉన్నదని న్యాయస్థానము తృప్తి చెందాలి. 2005 తరువాత సల్వాజుడుం కాలములో ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి మన అడవులలో గుడిసెలు వేసుకొన్న గుత్తికోయ కుటుంబములకు పట్టా ఎక్కడ? చిరునామా కాగితము ఎక్కడ? అయితే చట్టములోని ఆ "గాని" అనే మాటను గమనించాలి. నేరస్థునికి నివాసము లేకపోయినా, పూచీ నిలిచిన వానికి ఉంటే చాలు. ఊరిలో ఇల్లు, పొలము ఉన్న ఒక సంఘ పెద్ద ముందుకు వస్తే జైలుకు వెళ్లవలసిన ఒక తండ్రి ఇంటిలో ఉండవచ్చు.

3. రిజిస్టరు పట్టిన సంఘము

ఇక్కడ మన చరిత్రను మరువకూడదు. 1871 నాటి నేరజాతుల చట్టము, 1911 నాటి సవరించిన చట్టముతో మద్రాసు రాజధానికి వచ్చింది. దానివలన ఎరుకల మొదలైన జాతులు ఏ వ్యక్తి ఏ నేరము చేశాడన్న విచారణ లేకుండానే పుట్టుకతో నేరస్థులుగా నమోదయ్యాయి. బాపట్ల సమీపములో సాల్వేషన్ ఆర్మీ నిర్వహించిన స్టూవర్టుపురం, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహించిన సెటిల్మెంటు ఈ చట్టము క్రింద నడిచినవే. అక్కడ బడి ఉన్నది, పని ఉన్నది, సువార్త ఉన్నది. హాజరు పట్టీ, బయటికి వెళ్లటానికి పాసు కూడ ఉన్నాయి. భార్యాబిడ్డలతో కాపురము చేస్తూనే కుటుంబమంతా కాపలాలో జీవించింది. ప్రార్థన చేయించిన చేయి, హాజరు వేసిన చేయి ఒక్కటే అయింది.

ఆ మిషనరీలు చేసిన మేలును మేము కొట్టివేయటం లేదు. కాని 1952లో దేశమంతటా ఆ చట్టము రద్దయిన తరువాత కూడ "స్టూవర్టుపురం" అనే ఊరి పేరే ఒక నిందగా దశాబ్దముల పాటు మిగిలింది. 1970ల దశకములో కవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ ఊరిలో సంస్కరణ సేవ మొదలుపెట్టవలసి వచ్చిందంటే, సెటిల్మెంటు పని పూర్తి కాలేదనే కదా అర్థము. సంఘము కాపలాదారుడైతే కుటుంబము దానిని నమ్మి తన గాయము చూపలేదు. ఇది ఆ చరిత్ర మనకు నేర్పే పాఠము.

4. లేఖనములలో మూడు కాపలాలు

1 రాజులు 2వ అధ్యాయములో సొలొమోను షిమీని యెరూషలేములో ఇల్లు కట్టుకొని ఉండమంటాడు. కిద్రోను వాగు దాటితే మరణమే. షిమీకి ఇల్లు ఉన్నది, పనివారు ఉన్నారు. ఆ షరతు నెరవేర్చటానికి తోడుపడేవాడు మాత్రము ఒక్కడూ లేడు. మూడేండ్ల తరువాత పారిపోయిన దాసులను వెదకుతూ అతడు గాతుకు వెళ్లి, ప్రాణము పోగొట్టుకొన్నాడు.

ఆశ్రయ పురముల ఏర్పాటు వేరు. లేవీయుల 48 పట్టణములలో 6 ఇందుకు ప్రత్యేకించబడ్డాయి (సంఖ్యా. 35). తెలియక నరహత్య చేసినవాడు అక్కడ కూడ హద్దు లోపలే ఉండాలి. దాటితే ప్రమాదమే. కాని యెహోషువ 20:4లో పట్టణపు పెద్దలు గుమ్మము వద్ద అతని మాట విని, లోపలికి చేర్చుకొని, నివసించటానికి స్థలమివ్వాలి. హద్దు రెండు చోట్లా ఉన్నది. చేర్చుకొనే పెద్దలు రెండవ చోటనే ఉన్నారు. అంతేకాదు, ప్రధాన యాజకుని మరణముతో ఆ కాలమునకు ముగింపు ఉన్నది. ముగింపు లేని షీటు ఈ ధర్మమునకు దూరము.

అపొస్తలుల కార్యములు 28లో పౌలు రోమాలో అద్దె ఇంటిలో సైనికుని కాపలాలో రెండేండ్లు ఉన్నాడు. అతడు నేరస్థుడని తీర్పు పొందినవాడు కాడు. అయినను కాపలా ఉన్న ఇంటికి విశ్వాసులు వెళ్లటం మానలేదనే సంగతి మనకు చాలును.

5. సంఘము చేయదగినది

మొదటిది, పూచీ నిలబడటం. ఫిలేమోను 18లో పౌలు ఒనేసిము అప్పును తన లెక్కలో వేసుకొంటాడు. జామీను కాగితము మీద సంతకము ఆ వేదాంతమునకు నేటి రూపము. షరతులేమిటో, గడువెప్పటికో, తప్పితే ఎంత సొమ్ము చెల్లించాలో తెలిసికొని మరీ సంతకము చేయాలి.

రెండవది, ఇంటివారిని వేరుగా చూడటం. భార్య తునికాకు కోతకు వెళితే తోటివారు మాట్లాడటం మానవచ్చు. ఊరిలో ఏ దొంగతనము జరిగినా మొదట కొడుకు వైపు చూపు తిరగవచ్చు. సండేస్కూలులో ఆ పిల్లలను తండ్రి నేరముతో గుర్తించరాదు. ఆదివారము స్టేషను పిలుపు ఉంటే ఆ ఇంటికి సాయంత్రము గృహకూడిక పెట్టవచ్చు. వేళ మార్చుమని అధికారిని మర్యాదగా అడగవచ్చు.

మూడవది, వేగులవారము కాకపోవటం. ఒప్పుకోలులో విన్నది స్టేషనుకు మోయటం కాపరి పని కాదు. అయితే ఇంటిలో భార్యకు గాని బిడ్డకు గాని అపాయమున్నచోట రహస్యము కవచము కారాదు. బిడ్డలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలపటం 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ప్రతివాని విధి. కుటుంబముతో కలిసి ఉండటం అన్ని కేసులలో మేలు కాదు. నేరమునకు గురైనవారు అదే సంఘములో ఉంటే వారి మాట ముందు వినాలి.

నాలుగవది, ముగింపు కోరటం. బాండు గడువు ముగిసినా, సంవత్సరముల తరబడి సత్ప్రవర్తన ఉన్నా షీటు తెరచే ఉంటే, దానిని మూసివేయుమని పై అధికారికి అర్జీ పెట్టటంలో సంఘ పెద్దలు తోడు వెళ్లాలి.

పోలీసు కాపలా నేరము మరల జరుగకుండా చూస్తుంది. అది ప్రభుత్వ ధర్మము, దానిని మనము గౌరవిస్తాము. ఆ మనిషి మరల తండ్రిగా, భర్తగా, పొరుగువానిగా నిలబడటం మాత్రము రిజిస్టరు వలన కాదు. గుమ్మము వద్ద అతని మాట విని స్థలమిచ్చే పెద్దల వలననే అవుతుంది. గోదావరి ఇరువైపులా ఉన్న మన చిన్న సంఘములకు ఆస్తి లేకపోయినా అటువంటి పెద్దలు ఉన్నారు. వారిని ఈ పనికి సిద్ధపరచటం మన వేదాంత విద్యలో భాగము కావాలి.