నోటి చుట్టూ ఎర్రటి దద్దు ఎందుకు వస్తుంది?

చలికాలంలో పెదాలు పొడిబారగానే నాలుకతో తడుపుకుంటాం. ఆ తడి ఇట్టే ఆరిపోతుంది. దాంతోపాటే చర్మంలోని తేమా పోతుంది. పైగా లాలాజలంలో ఆహారాన్ని అరిగించే ఎంజైములుంటాయి. అవి పదేపదే తగిలితే పలుచని చర్మం ఎర్రబడి మండుతుంది.

డాక్టరు ఎలా గుర్తుపడతారు?

నాలుక అందినంత మేర, పెదవిని ఆనుకునే ఎర్రటి వలయం ఉంటే, అది సాధారణంగా నాకే అలవాటు వల్ల వచ్చిందే. అలా కాక, పెదవి అంచున సన్నగా మామూలు చర్మం మిగిలి, దానికి అవతల ఆవగింజల్లాంటి ఎర్రటి పొక్కులుంటే 'పెరియోరల్ డెర్మటైటిస్' కావచ్చు. ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాయడం దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. రాసినన్నాళ్లూ తగ్గినట్టే ఉంటుంది, ఆపగానే తిరగబెడుతుంది. దాంతో మళ్లీ రాస్తారు, సమస్య ముదురుతుంది.

తగ్గేదెలా?

మొదటి రకానికి నాకడం మానేసి, రోజూ నాలుగైదుసార్లు పెట్రోలియం జెల్లీ పలుచగా రాయాలి. రెండో రకానికి డాక్టరు చెప్పినట్టు స్టెరాయిడ్ ఆపాలి. మొదట్లో పొక్కులు పెరిగినా కంగారుపడొద్దు. అవసరమైతే మెట్రోనిడజోల్ వంటి పూత మందు ఇస్తారు. పూర్తిగా తగ్గడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. తేనె రంగులో పక్కులు కడితే ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే చూపించుకోండి. మందుల షాపులో అడిగి తెచ్చిన క్రీము మాత్రం ముఖానికి రాయకండి.