అమెరికా క్రైస్తవ కుటుంబాల ఇంటి చదువు

అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా తల్లిదండ్రులే ఇంటి దగ్గర చదివించుకోవడం యాభై రాష్ట్రాల్లోనూ చట్టసమ్మతం. హోమ్‌స్కూలింగ్ అనే ఈ పద్ధతిలో చదివే పిల్లలు 1999లో ఎనిమిదిన్నర లక్షల మంది. 2016 నాటికి వాళ్ళ సంఖ్య 17 లక్షలకు చేరువైంది. కొవిడ్ కాలంలో బడులు మూతపడ్డాక ఈ దారి పట్టిన ఇళ్ళు ఒక్కసారిగా పెరిగాయి. బడి ఈడు పిల్లలున్న కుటుంబాల్లో 2020 వసంతంలో 5.4 శాతం ఇంటి చదువు సాగిస్తుంటే, అదే ఏడాది అక్టోబరుకల్లా 11.1 శాతమయ్యాయని జనగణన సంస్థ సర్వేలో తేలింది. నల్లజాతి కుటుంబాల్లో ఈ పెరుగుదల మరీ ఎక్కువ. అక్కడ 3.3 శాతం కాస్తా 16.1 శాతమైంది. అందరి కారణాలూ ఒకటి కావు. 2016 సర్వేలో మతబోధనే ముఖ్య కారణమని చెప్పినవారు 16 శాతమే అయినా, ఉన్న కారణాల్లో అదీ ఒకటని చెప్పినవారు సగానికి పైగా ఉన్నారు. ఆ కుటుంబాల్లో ఎక్కువ భాగం క్రైస్తవులవే. వారిలో ఒక వర్గం పాఠ్యపుస్తకాలను చాలావరకు పక్కనపెట్టి మంచి కథల పుస్తకాలతో, పెరట్లోని చెట్టూ పిట్టలతో, ఊళ్ళో చూడదగ్గ చోట్లతో చదువు నడుపుతోంది.

ఈ హక్కు తేలిగ్గా రాలేదు. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్ళాలన్న ఒరెగాన్ చట్టాన్ని సుప్రీంకోర్టు 1925లో కొట్టేసింది. ఎనిమిదో తరగతి తరువాత పిల్లల్ని బడికి పంపబోమన్న విస్కాన్సిన్‌లోని ఆమిష్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల పక్షాన 1972లో తీర్పిచ్చింది. ఈ రెండూ నేరుగా ఇంటి చదువు గురించినవి కావు, అయినా తల్లిదండ్రులకు కొంత ఆసరా దొరికింది. 1975లో సెవెన్త్ డే అడ్వెంటిస్టు విద్యావేత్తలైన రేమండ్, డొరతీ మూర్ దంపతులు చిన్నపిల్లల్ని తొందరపడి బడిలో వేయవద్దని పుస్తకం రాశారు. మతంతో పనిలేకుండా ఇదే వాదన చేసిన జాన్ హోల్ట్ 1977లో ఇంటి చదువుల మీద పత్రిక పెట్టాడు. 1980ల ఆరంభంలో జేమ్స్ డాబ్సన్ క్రైస్తవ రేడియో కార్యక్రమంలో మూర్ దంపతులు మాట్లాడాక ఆ మాట వేల ఇళ్ళకు చేరింది. అప్పట్లో పిల్లల్ని బడి మాన్పించారని కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల మీద కేసులు పెట్టేవారు. వారి తరఫున వాదించడానికి మైకేల్ ఫారిస్, మైక్ స్మిత్ అనే న్యాయవాదులు 1983లో హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ స్థాపించారు. మరో పదేళ్ళకు దేశమంతటా దారి సుగమమైంది.

పుస్తకాలూ ప్రకృతీ కలిసిన ఈ చదువుకు మూలం మాత్రం ఇంగ్లండులో ఉంది. షార్లెట్ మేసన్ 1842లో పుట్టింది. ఆంగ్లికన్ విశ్వాసి. 1886లో ఇంటి చదువు మీద తన మొదటి పెద్ద గ్రంథం ప్రచురించి, మరుసటి ఏడు బ్రాడ్‌ఫర్డులో తల్లిదండ్రుల సంఘం పెట్టి, 1892లో ఆంబుల్‌సైడ్ అనే సరస్సుల సీమ ఊళ్ళో శిక్షణాలయం తెరిచింది. 1923లో ఆమె పోయాక ఆమె పేరు మెల్లగా మరుగున పడింది. స్విట్జర్లాండులో లాబ్రీ ఆశ్రమం నడిపిన ఫ్రాన్సిస్ షేఫర్ కూతురు సూసన్ షేఫర్ మెకాలే 1984లో మేసన్ పద్ధతిని పరిచయం చేస్తూ పుస్తకం రాసింది. అది అమెరికా తల్లుల చేతికందాక మేసన్ ఆరు సంపుటాలూ మళ్ళీ అచ్చయ్యాయి. ఇప్పుడు ఆమె పనిచేసిన దేశంలో కంటే అమెరికా మధ్యతరగతి వంటిళ్ళలోనే ఆమెను చదివేవారు ఎక్కువంటే తప్పు కాదు.

మేసన్ దృష్టిలో పిల్లవాడు పుట్టుకతోనే పూర్తి మనిషి. సారం పిండేసిన ముక్కలూ ప్రశ్నోత్తరాలూ వాడికి చాలవు. విషయాన్ని ప్రేమించిన మనిషి రాసిన పుస్తకం కావాలి. ఆమె వీటిని ప్రాణమున్న పుస్తకాలనేది. వాటిని చదివే తీరుకూ ఒక నియమం ఉంది. తల్లి ఒక భాగాన్ని ఒక్కసారే చదువుతుంది. వెంటనే పుస్తకం మూసి, విన్నది చెప్పమంటుంది. దీన్ని నేరేషన్ అంటారు. పిల్లవాడు చెబుతున్నంతసేపూ తల్లి అడ్డు తగలదు, తప్పు దిద్దదు, ప్రశ్న వేయదు. మళ్ళీ చదవరని తెలుసు కాబట్టి పిల్లవాడు మొదటిసారే చెవి ఒగ్గి వింటాడు. విన్నదాన్ని వరుసలో పెట్టుకోవడం, ఏది ముఖ్యమో ఎంచుకోవడం, మాట కూర్చుకోవడం అన్నీ ఆ చెప్పడంలోనే జరిగిపోతాయి. ఆరేళ్ళవాడు నోటితో చెబుతాడు. పదేళ్ళు దాటాక రాయడం మొదలవుతుంది. చిన్నపిల్లల పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు మించదు. నిద్రవేళ కథ విన్న పిల్లవాడు మర్నాడు తమ్ముడికి అదే కథ తన మాటల్లో చెప్పడం మన ఇళ్ళలోనూ చూసేదే. మేసన్ దాన్నే రోజువారీ పాఠానికి పద్ధతిగా మలిచింది.

రోజు సాధారణంగా బైబిలుతో మొదలవుతుంది. పాత నిబంధన కథ ఒకటి, సువార్తల్లోంచి ఒక భాగం చదివి పిల్లల చేత చెప్పిస్తారు. ఆ నెలకు ఎంచుకున్న కీర్తన పాడుకుంటారు. తరువాత చరిత్ర, భూగోళం, సాహిత్యం. జాన్ బనియన్ ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ ఈ ఇళ్ళలో దాదాపు తప్పనిసరి. భూగోళానికి హాలింగ్ 1941లో రాసిన ‘పాడిల్ టు ది సీ’ ఎంతో ఇష్టమైన పుస్తకం. కెనడాలో నిపిగాన్ సీమ కుర్రవాడొకడు చేత్తో చెక్కిన చిన్న పడవ బొమ్మను మంచు గుట్ట మీద పెడతాడు. దొరికినవాళ్ళు మళ్ళీ నీళ్ళలో వదలమని దాని అడుగున రాసి ఉంటుంది. వసంతంలో మంచు కరిగి వాగు పారుతుంది. పడవ ఆ వాగు వెంట సుపీరియర్ సరస్సులో పడి, మహా సరస్సులన్నీ దాటి అట్లాంటిక్ చేరుతుంది. సరస్సుల పేర్లు బట్టీ పట్టిన పిల్లవాడు నెలలో మరిచిపోవచ్చు. పడవ వెంట పటం మీద వేలు జరుపుకుంటూ పోయినవాడికి ఏ నీరు ఎటు పారుతుందో గుర్తుండిపోతుంది.

ఇక ప్రకృతి పరిశీలన. ఈ కుటుంబాలకు ఇది సైన్సు పాఠమే కాక ఆరాధనలో భాగం కూడా. ఆకాశం దేవుని మహిమను చాటుతుందనే 19వ కీర్తన, ఆకాశ పక్షులనూ అడవి పువ్వులనూ చూడమన్న యేసు కొండమీద ప్రసంగం, చీమను చూసి నేర్చుకోమన్న సామెతల గ్రంథం వీరికి కంఠతా వచ్చు. దేవుడు రాసిన పుస్తకాలు రెండు, ఒకటి లేఖనం, ఇంకొకటి సృష్టి అనే భావన క్రైస్తవంలో చాలా పాతది. రెండో పుస్తకాన్నీ మొదటిదాని అంత శ్రద్ధగా చదవాలని వీరి పట్టుదల. అందుకే పురుగునైనా పిచ్చిమొక్కనైనా అల్పమని వదిలేయరు.

చేతిపుస్తకంగా ఎక్కువమంది వాడేది ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ 1911లో ప్రచురించిన ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ నేచర్ స్టడీ’. 1890ల వ్యవసాయ సంక్షోభంలో పల్లె జనం నగరాలకు తరలిపోతుంటే, పిల్లలకు పొలం మీద మమకారం నిలపాలని కార్నెల్ విశ్వవిద్యాలయం టీచర్ల కోసం కరపత్రాలు వేసింది. ఆ కృషిలోంచి పుట్టిన లావుపాటి గ్రంథమిది. టీచరుకు అన్నీ తెలిసి ఉండాలని కామ్‌స్టాక్ అనదు. తెలియనిది తెలియదని ఒప్పుకుని పిల్లలతో కలిసి వెతకమంటుంది. సైన్సు చదువుకోని తల్లికి ఆ మాటే పెద్ద ధైర్యం.

ఈశాన్య రాష్ట్రాల్లో, మధ్య పశ్చిమంలో రోడ్ల పక్కన పెరిగే గోల్డెన్‌రాడ్ మొక్కను తీసుకుంటే ఈ పాఠం ఎలా సాగుతుందో తెలుస్తుంది. చలికాలంలో దాని ఎండిన కాడకు పెద్ద గోళీకాయంత గుండ్రని బుడిపె ఒకటి కనిపిస్తుంది. చాకుతో జాగ్రత్తగా రెండు చెక్కలు చేస్తే నడిమధ్య గదిలో తెల్లని బొద్దు పురుగు ముడుచుకుని ఉంటుంది. వసంతంలో ఒక చిన్న ఈగ లేత కాడలో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోతే మొక్క దాని చుట్టూ ఉబ్బి ఇల్లు కట్టిపెడుతుంది. చలి ముదరక ముందే ఆ పురుగు బయటివైపు సొరంగం తవ్వి, పైన పల్చని పొర మాత్రం మిగిల్చి వెనక్కి వచ్చి పడుకుంటుంది. ఎందుకంటే రెక్కలొచ్చిన ఈగకు కొరికే నోరు ఉండదు. పురుగుగా ఉన్నప్పుడే దారి తొలుచుకోకపోతే వసంతంలో ఈగ లోపలే చిక్కుపడిపోతుంది. దారి సిద్ధంగా ఉంటే ఈగ తలలోని ఒక తిత్తిని ఉబ్బించి ఆ పొరను నెట్టుకుని బయటపడుతుంది. కొన్ని బుడిపెలకు మాత్రం ముందే కన్నాలు పడి ఉంటాయి. కన్నం నున్నగా, గరాటులా లోపలికి సన్నగిల్లితే చిన్న వడ్రంగిపిట్ట పని. అంచులు చెదిరిపోయి ఉంటే చికడీ అనే బుల్లిపిట్ట పని. ఒక్క ఎండుకాడ దగ్గర నిలబడి పిల్లలు మొక్క, పురుగు, పక్షి మూడింటి బతుకులూ ఎలా పెనవేసుకున్నాయో చూస్తారు. ఇంత నేర్పగల పాఠ్యపుస్తకం పేజీ అరుదు.

చూసినదంతా నేచర్ నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది. తేదీ, చోటు, వాతావరణం రాసి, నీటిరంగులతో బొమ్మ వేస్తారు. బొమ్మ అందంగా ఉండాలని లేదు, చూసింది చూసినట్టు ఉండాలి. ఏడాది మొదటి రాబిన్ పిట్ట ఎప్పుడు కనిపించింది, మేపుల్ ఎప్పుడు చిగిర్చింది అని వేరే పట్టిక ఉంటుంది. రెండు మూడేళ్ళ పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలకే రుతువుల క్రమం అర్థమవుతుంది. తల్లి కూడా తన నోట్‌బుక్ తాను రాయాలని మేసన్ అనుచరుల నియమం.

వేసవి చివర మొనార్క్ సీతాకోకచిలుకల కాలం. వాటి గొంగళిపురుగులు మిల్క్‌వీడ్ ఆకులు తప్ప ఇంకేవీ తినవు. మన జిల్లేడు ఆ కుటుంబపు మొక్కే. మొనార్క్‌కు దగ్గరి చుట్టమైన ప్లెయిన్ టైగర్ ఇక్కడ జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. పిల్లలు గుడ్డున్న ఆకును సీసాలో పెట్టి పురుగును, ప్యూపాను, రెక్కలు విప్పడాన్ని నెలరోజుల్లో చూసేస్తారు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో 1992లో మొదలైన మొనార్క్ వాచ్ నుంచి చిన్న గుండ్రటి స్టిక్కర్లు తెప్పించుకుని వెనక రెక్క అడుగున అంటించి వదులుతారు. ఆ మొనార్క్‌లు వేల మైళ్ళు ఎగిరి మెక్సికో కొండల్లో చలికాలం గడుపుతాయి. అక్కడ దొరికిన స్టిక్కరు నంబరు శాస్త్రజ్ఞుల లెక్కలోకి చేరుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ కూడా ఇలాంటిదే. కనీసం పదిహేను నిమిషాలు కిటికీ దగ్గర కూచుని పిట్టల్ని లెక్కపెట్టినా చాలు. కార్నెల్ పక్షి పరిశోధనశాల, ఆడుబాన్ సంస్థ కలిసి 1998లో దీన్ని మొదలుపెట్టాయి.

బయటి తిరుగుళ్ళలో మొదటిది ఊరి గ్రంథాలయం. వారానికి ఒకసారి వెళ్ళి సంచీ నిండా పుస్తకాలు తెచ్చుకోవడం, తమ దగ్గర లేనిదాన్ని వేరే ఊరి గ్రంథాలయం నుంచి తెప్పించుకోవడం ఈ ఇళ్ళలో మామూలు. అంత ఖర్చు లేకుండా ఈ చదువు సాగడానికి ఆ ఉచిత గ్రంథాలయాలే ఆధారం. చదివిన పుస్తకంలోని చోటు అందుబాటులో ఉంటే అక్కడికీ వెళ్తారు. బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో 1987 నుంచి ఒక కంచు తల్లిబాతు, దాని వెనక వరసగా ఎనిమిది పిల్లలు నిలబడి ఉన్నాయి. రాబర్ట్ మెక్‌క్లాస్కీ 1941లో రాసిన ‘మేక్ వే ఫర్ డక్‌లింగ్స్’లోని బాతులవి. లారా ఇంగల్స్ వైల్డర్ తన బాల్యం మీద రాసిన పుస్తకాలు చదివినవాళ్ళు సౌత్ డకోటాలోని డి స్మెట్‌కో మిసోరీలోని మాన్స్‌ఫీల్డ్‌కో ప్రయాణం కడతారు. మిన్నెసోటాలో ప్లమ్ క్రీక్ ఒడ్డున లారా కుటుంబం కాపురమున్న మట్టి గుహ కప్పు ఎప్పుడో కూలిపోయింది. నేలలో చిన్న పల్లం మాత్రం మిగిలింది. అంత చిన్న చోట అంతమంది బతికారా అని పిల్లలకు నిజంగా తెలిసేది అక్కడే.

జాతీయ పార్కుల్లో జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు. పిల్లలు అందులోని పనులు పూర్తిచేసి రేంజరుకు చూపించి, చెయ్యెత్తి ప్రమాణం చేసి బ్యాడ్జీ పుచ్చుకుంటారు. నాలుగో తరగతి పిల్లలకు ఏడాదిపాటు పార్కుల్లో ఉచిత ప్రవేశమిచ్చే పథకం 2015లో మొదలైంది. పదేళ్ళ వయసున్న ఇంటి చదువు పిల్లలకూ అది వర్తిస్తుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి వారానికోరోజు చర్చి హాల్లోనో పార్కులోనో కలుసుకునే కోఆప్‌లు కూడా ఉంటాయి. ఒక తల్లి లాటిన్ చెబితే ఇంకొకరు ప్రయోగాలు చేయిస్తారు.

ఇందులో చిక్కులూ లేకపోలేదు. వైల్డర్ పుస్తకాల్లో మూలవాసుల చిత్రణ పిల్లలకు అలాగే వదిలేయదగ్గది కాదు. కాన్సస్‌లో ఆమె కుటుంబం ఇల్లు కట్టుకున్న నేల ఓసేజ్ తెగది. అమెరికా గ్రంథాలయ సంఘంలోని బాలల విభాగం ఈ కారణంతోనే 2018లో తన పురస్కారానికి ఆమె పేరు తీసేసింది. చాలా కుటుంబాలు ఆ పుస్తకాలు మానలేదు. మానకపోతే ఓసేజ్ చరిత్ర కూడా పక్కన పెట్టి చదివించడమే న్యాయం. పరిణామవాదం దగ్గర చీలిక మరింత లోతు. మేసన్ స్వయంగా డార్విన్ కాలపు విజ్ఞానానికి విశ్వాసాన్ని అడ్డుపెట్టలేదు. అయితే అమెరికాలో క్రైస్తవ హోమ్‌స్కూల్ ప్రచురణకర్తల్లో ఎక్కువమంది సైన్సు పుస్తకాలు పరిణామాన్ని తోసిపుచ్చుతాయి. తన కళ్ళతో చూసినదాన్ని ఉన్నదున్నట్టు రాయమని నోట్‌బుక్‌తో అలవాటు చేసిన పిల్లవాడికి, శిలాజాల దగ్గరకొచ్చేసరికి శాస్త్రజ్ఞులు కనుగొన్నది చెప్పకుండా దాచడం ఆ అలవాటుకే విరుద్ధం. అదీగాక ఈ చదువు భారమంతా సాధారణంగా తల్లి మీదే పడుతుంది. ఆమె ఉద్యోగం మానుకుంటే ఇల్లు ఒక్క జీతం మీద నడవాలి. అది అన్ని కుటుంబాలకూ సాధ్యం కాదు.

పర్యవేక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ఇంటి బడి ప్రైవేటు బడితో సమానం. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం చెబితే చాలు, ఎక్కడా నమోదు చేసుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో ఏడాది ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక, ఏడాది చివర మదింపు సమర్పించాలి. పెన్సిల్వేనియా 1988 చట్టం వీటికి భిన్నం. చదివిన పుస్తకాల పేర్లు ఎప్పటికప్పుడు రాసిపెట్టిన చిట్టా, పిల్లల రాతల నమూనాలు, వాళ్ళు తయారుచేసినవి కలిపి ఒక పోర్ట్‌ఫోలియో ఉంచాలి. అర్హత గల టీచరో సైకాలజిస్టో దాన్ని చూసి, పిల్లవాడితో ముఖాముఖి మాట్లాడి, చదువు సాగుతోందని రాసివ్వాలి. పుస్తకాలూ ప్రకృతీ నమ్ముకున్న కుటుంబాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఏడాది పొడవునా రాసుకున్న పుస్తకాల జాబితా, గోల్డెన్‌రాడ్ బుడిపె బొమ్మ ఉన్న నోట్‌బుక్ అక్కడ చట్టం అడిగే సాక్ష్యాలవుతాయి. చెప్పడం అలవాటైన పిల్లలు కాబట్టి ముఖాముఖీ వాళ్ళకు కొత్త కాదు.