స్పానిష్, హిస్పానిక్, లాటినో... మూడూ ఒకటేనా?

ఒక్కసారి మీ ఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, కొత్త లాంగ్వేజ్ యాడ్ చేసే చోట చూడండి. "ఎస్పాన్యోల్" అని ఉంటుంది. స్పానిష్ భాషకి స్పానిష్‌లో ఉన్న పేరు అది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్ని నొక్కితే పెద్ద దేశాల లిస్ట్ వస్తుంది. స్పెయిన్, మెక్సికో, పెరూ, అర్జెంటీనా... అందులో అమెరికా కూడా ఉంటుంది. మరి ఇన్ని చోట్ల ఉన్నవాళ్లని ఏమని పిలవాలి? స్పానిష్, హిస్పానిక్, లాటినో అనే మూడు మాటలూ ఒకటే అనుకుని వాడేస్తుంటాం. కానీ మూడూ వేరు వేరు.

ముందు లెక్క చూద్దాం. స్పానిష్‌లో ప్రభుత్వం నడిచే దేశాలు 20. యూరప్‌లో స్పెయిన్ ఒక్కటే. ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినియా ఒక్కటే, అది 1968 దాకా స్పెయిన్ పాలనలో ఉంది. మిగతా 18 దేశాలూ మెక్సికో నుంచి చిలీ దాకా అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. ప్యూర్టో రికో కూడా స్పానిష్ మాట్లాడే చోటే కానీ అది దేశం కాదు, అమెరికా అధీనంలోని ప్రాంతం. అక్కడివాళ్లకి 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది.

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 50 కోట్ల మంది. స్పెయిన్ జనాభా చూస్తే 5 కోట్ల లోపే. ఒక్క మెక్సికో జనాభానే దాదాపు 13 కోట్లు. అంటే ఈ భాష పుట్టింది స్పెయిన్‌లో అయినా, మాట్లాడేవాళ్లలో పది మందికి తొమ్మిది మంది బయటే ఉన్నారన్నమాట.

ఇప్పుడు మాటల దగ్గరికి వద్దాం.

స్పానిష్: మనిషి గురించి చెప్పేటప్పుడు ఇది స్పెయిన్ దేశస్థులకే. మెక్సికో అబ్బాయిని స్పానిష్ అనడం, ఆస్ట్రేలియా వాళ్లని ఇంగ్లండ్ వాళ్లు అన్నట్టే. ఇంకో విషయం ఏంటంటే, స్పెయిన్‌లో భాషని "కాస్తెయానో" అని కూడా అంటారు. 1978 నాటి వాళ్ల రాజ్యాంగంలో ఉన్న పేరు అదే. ఎందుకంటే కాటలాన్, బాస్క్, గలీసియన్ కూడా స్పెయిన్ భాషలే కదా. హిందీని ఎవరైనా "ఇండియన్ లాంగ్వేజ్" అంటే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

హిస్పానిక్: ఇది భాషకీ స్పానిష్ మూలాలకీ సంబంధించిన మాట. రోమన్లు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పాన్ని హిస్పానియా అనేవాళ్లు, అక్కడి నుంచి వచ్చింది.

లాటినో: ఇది ప్రాంతానికి సంబంధించినది, లాటిన్ అమెరికా మూలాలు ఉన్నవాళ్లు. అమ్మాయి అయితే లాటినా. ఇద్దరికీ సరిపోయేలా లాటినెక్స్ అనే మాట కూడా వచ్చింది కానీ, 2020లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఇచ్చిన సర్వే ప్రకారం దాన్ని వాడేది వాళ్లలో 3 శాతమే.

ఉదాహరణలు చూస్తే ఈజీ. రఫెల్ నాదల్ది స్పెయిన్. ఆయన స్పానిష్, హిస్పానిక్ కూడా, కానీ లాటినో కాదు. మారడోనాది అర్జెంటీనా. హిస్పానిక్, లాటినో రెండూ, కానీ స్పానిష్ కాదు. నేమార్‌ది బ్రెజిల్, మాట్లాడేది పోర్చుగీస్. లాటినో అంటాం, హిస్పానిక్ అనలేం.

మరి ఈ కన్ఫ్యూజన్ అంతా ఎక్కడ మొదలైంది? చాలావరకు అమెరికా ప్రభుత్వ ఫారాల్లో. ఒకప్పుడు జనాభా లెక్కల్లో వీళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్ల కిందే కలిసిపోయేవాళ్లు. లెక్కలో విడిగా కనిపించకపోతే వాళ్ల బడుల పరిస్థితి, ఉద్యోగాల పరిస్థితి కూడా కనిపించదు. 1970లో కొంతమందికి ఇచ్చిన ఫారంలో "సెంట్రల్ ఆర్ సౌత్ అమెరికన్" అనే గడి పెట్టారు. అమెరికా దేశంలోనే మధ్య, దక్షిణ రాష్ట్రాల్లో ఉండేవాళ్లు కొందరు అది తమ గురించే అనుకుని టిక్ పెట్టేశారు! 1976లో ఈ లెక్కలు సేకరించాలని చట్టం వచ్చింది, 1980 సెన్సస్‌లో అందర్నీ అడిగారు. 1997 నిబంధనల్లో లాటినో మాట కూడా చేర్చారు. 2020 లెక్కలో ఆ గడిలో ఉన్నవాళ్లు 6.2 కోట్ల మంది.

గడి వల్ల లాభం ఉంది, కానీ ప్రమాదం కూడా ఉంది. గ్వాటెమాలాలో 20కి పైగా మాయా భాషలు ఉన్నాయి. అక్కడి నుంచి అమెరికా వచ్చినవాళ్లలో మామ్, కిచే భాషలు మాట్లాడేవాళ్లు చాలామంది. ఫారంలో హిస్పానిక్ అని ఉంది కదా అని స్పానిష్ అనువాదకుడిని ఇస్తే, కొందరికి సగమే అర్థమవుతుంది. అది ఆశ్రయం కోసం నడిచే కోర్టు కేసు అయితే, ఒక్క మాట తేడా వచ్చినా దేశంలో ఉండాలా వెళ్లిపోవాలా అన్నదే మారిపోవచ్చు.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే దేశం, భాష, మూలం అనేవి మూడు వేరే కాలమ్స్. ఒకటి నింపి మిగతా రెండూ మనమే ఊహించేయకూడదు.

మీలో ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లు ఉంటారు. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో మీ క్లాస్‌మేట్ స్పానిష్ మాట్లాడుతున్నాడని "నువ్వు మెక్సికనా?" అనకండి. వాళ్లది హోండురస్ కావచ్చు, క్యూబా కావచ్చు. మనల్ని ఉత్తరాదిలో అందర్నీ కలిపి "మద్రాసీ" అంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. "మీ ఫ్యామిలీది ఏ ఊరు, ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడిగితే చాలు, వాళ్లే చెప్తారు.

మీ ఫ్రెండ్స్ సర్కిల్‌లో స్పానిష్ మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్లది ఏ దేశమో కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.